వెండి తీగ, డీలక్స్ రకం

గుంటూరు మిర్చి యార్డులో పేరున్న వ్యాపారి యలమందయ్య గారు రెండువేల మూడో సంవత్సరం మార్చిలో సంగీతం మీద దయ తలిచి హోమ్ థియేటర్ కొన్నారు. రాగి తీగలో పాట గరగరలాడుతుందనీ, వెండి తీగలో అయితే వెన్నలా జారుతుందనీ అమ్మినవాడు సెలవిచ్చాడు. బస్తా అడుగుదాకా చెయ్యి దూర్చి తాలుకాయలు బయటికి తీస్తే తప్ప రైతు మాట నమ్మని యలమందయ్య గారు, ఈ మాటను మాత్రం కూల్‌డ్రింకు పూర్తయ్యేలోపే నమ్మేశారు.

తీగ బిగించే పని రేడియో మెకానిక్ మొహిద్దీన్ బాషాకు దక్కింది. పది గజాల దూరానికి మామూలు రాగి చాలని బాషాకు తెలుసు. కానీ వర్తకుల సంఘం కట్టిస్తున్న కల్యాణమండపానికి యలమందయ్య గారే అధ్యక్షులు. ఆ మండపంలో మైకుల పని వస్తే బాషా అద్దె బంకు వదిలి సొంత కొట్టు పెట్టుకోవచ్చు. అందుకని తెలిసిన సంగతిని కాస్త పక్కన పెట్టాడు.

ఆదివారం పొద్దున యలమందయ్య గారింట్లో రెండు తీగలకూ పరీక్ష. పాతికమంది వర్తకులు ఉప్మా తిని సోఫాల్లో సర్దుకున్నారు. ముందు రాగి తీగతో పాట వేశారు. యలమందయ్య గారు కళ్లు మూసుకుని విని, యార్డులో మిర్చికి రకం కట్టినట్టే, "మీడియం" అన్నారు. పెద్ద వ్యాపారి ఒకసారి రకం తేల్చాక చిన్నవాళ్లు నోరెత్తకపోవడం యార్డు మర్యాద. తలలన్నీ ఊగాయి. ఘాటుంది గానీ రంగు లేదన్నాడొకాయన, పాట గురించే.

"ఇక వెండి తగిలించు" అన్నారు యలమందయ్య గారు. బాషా స్పీకరు వెనక్కి వంగి సంచిలో చెయ్యి పెట్టాడు. తీగ లేదు. స్కూటరు డిక్కీలోనే ఉండిపోయింది. ఆ మాట చెప్పేలోగా ఆయన రిమోటు నొక్కేశారు.

"డీలక్స్!" అన్నారు వెంటనే. ఆయన భార్య హనుమాయమ్మ గారికి చెవిలో పన్నీరు పోసినట్టుంది. ఘాటాయన కళ్లు తుడుచుకున్నాడు.

మార్చని పార్టు మార్చానని బాషా ఏనాడూ చెప్పి ఎరగడు. స్పీకరు వెనకనుంచి లేచాడు. "తప్పయిపోయిందండీ. వెండి తీగ ఇంకా బండిలోనే ఉందండి. రెండుసార్లూ మోగింది రాగేనండి."

గది గదంతా యలమందయ్య గారి వైపు తిరిగింది. ఆయన జాలిగా నవ్వారు. "పిచ్చోడా! వెండి వాకిట్లోకొస్తే చాలు, గుణం చూపిస్తది. స్పీకర్ల ముందు కూర్చునీ కూర్చునీ నీ చెవులు మొద్దుబారినయ్యి. ఇంత తేడా వినపడనోడికి మండపం పని ఎట్టా ఇచ్చేదయ్యా? మళ్లీ విను."

పాట మూడోసారి మోగింది, అదే రాగి మీద. బాషా కళ్లు మూసుకున్నాడు. సొంత కొట్టు కనిపించింది, బోర్డు మీద తన పేరు కనిపించింది. అబద్ధమాడదామనే నోరు తెరిచాడు. చిత్రం, నిజంగానే తేడా వినపడింది.

"అబ్బ, డీలక్సేనండీ!" అన్నాడు. మండపం పని అక్కడికక్కడే ఖాయమైంది.

నవ్వకండి. మొన్న ఆఫీసు పిక్నిక్‌లో మీ పై అధికారి పాట పాడినప్పుడు, అందరికంటే ముందు "వన్స్‌మోర్" అన్నది ఎవరు?