మూడు వందల అడుగుల విదేశాంగ విధానం

ప్రపంచ శాంతికి తాండూరు నుంచే శ్రీకారం చుడుతున్నట్టు సరిహద్దు సుహృద్భావ సమితి చైర్మన్ పాండురంగారెడ్డి గారు మే నెల రెండో మంగళవారం ప్రకటించారు. ప్రకటన వెలువడే సమయానికి ఆ సమితి వయసు నలభై నిమిషాలు. మరుసటి రోజు పొద్దున్నకల్లా బస్టాండు ముందు ఫ్లెక్సీ లేచింది. అందులో భూగోళం నిమ్మకాయంత ఉంది, పక్కనే రెడ్డిగారు నిలువెత్తున ఉన్నారు. కింద మూలన, పాస్‌పోర్టు సైజులో, సమ్రీన్ ఉంది.

సమ్రీన్ తాండూరు పిల్ల. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్‌గా పనిచేసే జమాల్ కూతురు. నెదర్లాండ్స్‌లో ఒక యూనివర్సిటీవాళ్లు ఫీజు మాఫీ చేసి మరీ సీటిస్తే, అక్కడ ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో డిగ్రీ చదువుతోంది. రెండో ఏడు అయిపోయింది. మూడో ఏడు ఆ మాఫీ నిలవాలంటే సెలవుల్లో ఆరు వారాలు ఏదైనా నిజమైన తగవులో చర్చలు దగ్గరుండి చూడాలి. జూన్ నెలాఖరులోగా యూనివర్సిటీ ఫారం మీద రెండు పక్షాల సంతకాలు, రెండు స్టాంపులు తేవాలి. లేకపోతే చదువు అక్కడితో సరి. పిల్ల పదకొండు రాయబార కార్యాలయాలకు రాసింది. ఒక్కటి మాత్రం జవాబిచ్చింది, దయచేసి ఈ చిరునామాకు ఉత్తరాలు రాయవద్దని.

అందుకని జమాల్ కూతుర్ని వెంటబెట్టుకుని రెడ్డిగారి దగ్గరికి వెళ్లాడు. రెడ్డిగారిది పెద్ద మనసు. సాయం అడిగినవాళ్లను ఫొటో లేకుండా ఏనాడూ పంపలేదు.

"ఏం సదువు బిడ్డా నీది?"

"ఇంటర్నేషనల్ రిలేషన్స్ సార్. దేశాలు ఎందుకు కొట్లాడ్తయ్, మళ్ల ఎట్ల కలుస్తయ్, అదంత సదువుతం."

"గంత మాత్రానికి విమానమెక్కి పోవాల్నా? మా పార్టీ ఆఫీసుల వారం కూసుంటే వచ్చేటి విద్య." రెడ్డిగారు ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. "నా పేరు గీడ రాస్తరా? గా దేశంల సదువుతరా?"

"ప్రొఫెసర్లు సదువుతరు సార్. గని రెండు పక్షాలుండాలె. స్టాంపులు గూడ రెండు."

"రెండు కావాల్నంటే రెండుంటయ్. నువ్ ఫికర్ జెయ్యకు."

అప్పటికప్పుడే సమితి పుట్టింది. ఎలాంటి నాయకుడికైనా తగవు దొరకడం కష్టం కాదు కానీ, అంతర్జాతీయ స్థాయి తగవు వెతకాలంటే చూపు కావాలి. ఆ చూపు రెడ్డిగారికి ఉంది.

బషీరాబాద్ దాటి కర్ణాటక వైపు పోతే చివర్న నవల్‌గుట్ట అనే ఊరొస్తుంది. మన తారు రోడ్డు ఆ ఊరి పొలిమేరలో రాష్ట్ర సరిహద్దు బోర్డు దగ్గర ఆగిపోతుంది. అవతల హొసళ్లి నుంచి వచ్చే రోడ్డు వాళ్ల బోర్డు దగ్గర ఆగిపోతుంది. మధ్యలో మూడు వందల అడుగులు ఎవరివీ కావు. గుంతల్లో ఆటో దిగబడితే తోసుకోవాలి. నవల్‌గుట్ట భాగమ్మ కూతురు నాగరాణి హొసళ్లిలో కాపురముంది, ఎనిమిదో నెల. తాండూరు ఆసుపత్రికి రావాలన్నప్పుడల్లా ఆ మూడు వందల అడుగులూ నడిచి వస్తోంది. ఆ దారిన ఆగకుండా తిరిగేవి పీఎస్ రోడ్‌లైన్స్ వారి బండల లారీలే. గుంతలు వాటి పుణ్యమే.

అవతలి పక్షానికి నాయకుడు ఎవరని సమ్రీన్ అడిగేలోపే హొసళ్లిలో కూడా ఒక సుహృద్భావ సమితి వెలిసింది. దానికి చైర్మన్ శరణప్ప. తెల్ల లాల్చీ, నుదుట విభూతి, గంభీరమైన మనిషి. ఏ దేశపు పాఠ్యపుస్తకంలోనూ అవతలి పక్షం ఇంత త్వరగా తయారైన ఉదాహరణ సమ్రీన్‌కు కనపడలేదు. పిల్ల పొంగిపోయింది. ఆ రాత్రే కొత్త నోటుబుక్కు కొని, పై పేజీలో తేదీ వేసుకుంది.

మొదటి విడత చర్చలు రెండు బోర్డుల నట్టనడుమ జరిగాయి. సున్నంతో గీత గీశారు. టేబుల్ సగం అటు, సగం ఇటు. మైకు వైరు ఇటువైపు కరెంటు స్తంభం నుంచి వచ్చిందని శరణప్ప అభ్యంతరం చెప్పారు. పరాయి కరెంటుతో మాట్లాడితే తన స్వతంత్రత ఏమవుతుందని ఆయన బాధ. మైకు తీసేశారు. తర్వాత కుర్చీ సంగతి వచ్చింది.

"నమ్ కుర్చీ సణ్ణదు," అన్నారు శరణప్ప, తన కుర్చీ చిన్నదని చేత్తో కొలిచి చూపిస్తూ. "రెడ్డిగారిది నాలుగు వేళ్లు ఎత్తుంది. ఇది మా జనానికి అవమానం."

"ఎత్తు కుర్చీది గాదు, నాది," అన్నారు రెడ్డిగారు.

శరణప్ప కుర్చీ కింద రెండు పాలిష్ బండలు పెట్టారు. అప్పుడు రెడ్డిగారి వైపు వాళ్లు మూడు తెచ్చారు. సాయంత్రమయ్యేసరికి ఇద్దరు నాయకులూ టేబుల్‌కు అందనంత ఎత్తులో కూర్చుని శాంతి గురించి మాట్లాడుకుంటున్నారు. మధ్యలో పీఎస్ రోడ్‌లైన్స్ లారీ వస్తే టేబుల్ పక్కకు జరిపి, దారిచ్చి, మళ్లీ వేసుకున్నారు. సమ్రీన్ అంతా రాసుకుంది.

రెండో విడత తటస్థ వేదిక మీద జరగాలని శరణప్ప పట్టుబట్టారు. రెడ్డిగారు వికారాబాద్ అన్నారు. అది మీ జిల్లా కేంద్రం కదా అని ఆయన అడ్డం తిరిగారు. అనంతగిరి గాలి ఏ రాష్ట్రానిదీ కాదని రెడ్డిగారు వివరించాక ఒప్పుకున్నారు. అక్కడ ఒక రిసార్టులో మూడు రోజులు ఆ గాలి పీల్చారు. సమ్రీన్ రాసుకొచ్చిన ఒప్పందంలో ఒకటే వాక్యం ఉంది: రెండు పక్షాలూ చెరి నూట యాభై అడుగుల రోడ్డు వేయించాలి.

"వేయించాలె అంటే ఆర్డరేసినట్టుంటది బిడ్డా," అన్నారు రెడ్డిగారు. "వేయించే సంగతి ఆలోచించాలె అని రాయి."

"ఆలోచించాలంటే ఇప్పటిదాకా ఆలోచించలేదని అర్థం వస్తది," అన్నారు శరణప్ప. "ఆలోచన కోసం కమిటీ వెయ్యాలి."

"కమిటీ వెయ్యాల్నా వద్దా అని ముందుగాల మాట్లాడుకోవాలె."

"దానికి ఇంకో మీటింగ్."

ఇద్దరూ లేచి చేతులు కలిపారు. ఒకే శాలువా రెండుసార్లు కప్పుకున్నారు, ముందు ఈయన ఆయనకు, తర్వాత ఆయన ఈయనకు. మరునాడు చారిత్రక ముందడుగు అని జిల్లా పేజీలో వచ్చింది.

సమ్రీన్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గడువు ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఒప్పందం లేకుండా సంతకాలు పెట్టించుకుంటే ప్రొఫెసర్లు ఒప్పుకోరు. ఫారం చివర ఒక ప్రశ్న ఉంది: ఉభయ పక్షాల మధ్య పరస్పర విశ్వాసం ఎంత, ఒకటి నుంచి అయిదు వరకు ఏదో ఒక అంకె చుట్టూ గీత గీయండి. ఒకటి కంటే తక్కువ ఇచ్చే వీలు లేదు కాబట్టి ఆ ప్రశ్న అలాగే వదిలేసింది. పిల్లకు ఏడుపొచ్చింది.

మూడో విడతకు మళ్లీ సున్నం గీత దగ్గరికి వస్తే, భాగమ్మ ఎదురొచ్చి సమ్రీన్ చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గా కుర్చీల కింద ఎన్ని బండలు పెట్టిండ్రు?"

"అటు అయిదు, ఇటు అయిదు, పెద్దమ్మా."

"గవే గుంతల్ల వేస్తే నా బిడ్డ ఆటోల వచ్చేది గదనే."

సమ్రీన్ నోటుబుక్కు మూసేసింది. వెంటనే తండ్రికి ఫోన్ చేసింది. పాలిషింగ్ యూనిట్ల వెనక బండల ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, ఎత్తుకుపోయేవాడు దొరికితే ఓనర్లే దండం పెడతారు. జమాల్ రెండు రోజుల్లో ఎనిమిది ట్రాక్టర్ల ముక్కలు దింపించాడు. ఇటునుంచి భాగమ్మా, ఆమె వెంట ఊరి ఆడవాళ్లూ. అటునుంచి హొసళ్లి ఆడవాళ్లు గడ్డపారలతో, నీళ్ల బిందెలతో. సగం మంది ఒకరికొకరు వియ్యంపురాళ్లే. ఎవరి భాషలో వాళ్లు కేకలేసుకుంటూ గుంతలు పూడ్చి, మొరం పోసి, దిమ్మిస కొట్టారు. ఇంత జరుగుతున్నా చర్చలు ఆగలేదని చెప్పడానికి గర్వంగా ఉంది. టేబుల్‌ను పొలం గట్టు మీదికి మార్చుకుని, కమిటీకి ఏం పేరు పెట్టాలో నాయకులిద్దరూ చర్చిస్తూనే ఉన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం నాగరాణి ఆటోలో కూర్చుని, గాజుల చెయ్యి బయటికి ఊపుతూ, కుదుపు లేకుండా గీత దాటింది. భాగమ్మ కళ్లు తుడుచుకుంది. సమ్రీన్ కూడా తుడుచుకుంది.

నాయకులు రోడ్డు వంక చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పావుగంటలో రిబ్బన్ వచ్చింది.

"చర్చలు ఫలించినయ్!" అన్నారు రెడ్డిగారు విలేకర్లతో. "యుద్ధం లేకుండ, ఒక్క తుపాకీ పేలకుండ రోడ్డు సాధించినం."

ఒకే కత్తెరకు ఇద్దరూ రెండు వేళ్లు దూర్చి రిబ్బన్ కత్తిరించారు. కొత్త రోడ్డు మీద మొదట పీఎస్ రోడ్‌లైన్స్ లారీ వెళ్లింది. డ్రైవర్ హారన్ కొట్టి ఇద్దరికీ నమస్కారం పెట్టాడు. సున్నం గీత టైర్లకు అంటుకుని పోయింది.

ఆ హడావుడిలో సమ్రీన్ ఫారం పట్టుకుని తిరిగి చూసేసరికి శరణప్ప లేరు. బీదర్‌లో పెళ్లి ఉందని వెళ్లిపోయారట, నాలుగు రోజుల దాకా రారట. గడువు రేపటితో ముగుస్తుంది.

"సార్, రెండో పక్షం సంతకం..." అంది రెడ్డిగారి కారు దగ్గరికి పరుగెత్తి.

"గిందుకే పరేషాన్ అయితున్నవా? ఇటియ్యి."

రెడ్డిగారు డాష్‌బోర్డు తెరిచారు. అందులో పీఎస్ రోడ్‌లైన్స్ రసీదు పుస్తకాలున్నాయి, అట్టల మీద ఓనర్లుగా పాండురంగారెడ్డి, శరణప్ప అని పక్కపక్కనే రెండు పేర్లు. వాటి కింద నుంచి మిఠాయి డబ్బా ఒకటి తీశారు. డబ్బాలో ఒక ఇంకు ప్యాడు, రెండు రబ్బరు స్టాంపులు. మొదట తెలుగుది కొట్టి పాండురంగారెడ్డి అని తెలుగులో సంతకం చేశారు. రెండోది కన్నడది. అది కొట్టి, పెన్ను ఎక్కడా ఆపకుండా శరణప్ప అని కన్నడలో చేశారు. చేవ్రాలు చాలా అందంగా ఉంది. సిరా ఆరడానికి ఉఫ్ అని ఊది, ఫారం ఇచ్చారు.

"చూస్కో, ఇంకేమన్న మిగిలిందా?"

చివరి ప్రశ్న ఒక్కటే మిగిలింది. సమ్రీన్ ఫారాన్ని కారు బానెట్ మీద పెట్టి, పెన్ను తీసి, అయిదు చుట్టూ నిండుగా గీత గీసింది.