ఇప్పపువ్వు పరువు

ఒక పెద్ద అడవిలో, పరిపాలన దివ్యంగా సాగుతున్నదని పాలించేవారందరూ ఏకాభిప్రాయానికి వచ్చిన కాలమది.

ఆ ఏడు జింకపిల్లలకు కాళ్ళ జబ్బు పట్టుకుంది. దానికి మందు ఏటి అవతలి అడవిలో దొరికే చేదుదుంప ఒక్కటే. ఈ అడవిలో చెలామణి ఇప్పపువ్వు, అక్కడ కుంకుడుకాయ. జింకలు కడుపు మాడ్చుకొని ఇప్పపూలు కూడబెట్టి, అడవి మండలి కొట్టులో జమ చేశాయి.

“ఆ పూలు మూటగట్టి నాకివ్వండయ్యా, నేనే ఏరు ఈది తెస్తాను. నా బిడ్డ నిలబడలేకపోతోంది,” అన్నది సింగారి అనే తల్లిజింక.

మండలి అధ్యక్షులు గంభీరయ్య అనే ఏనుగు. వారు తొండం సవరించుకొని, “మూట నెత్తిన పెట్టుకొని పరాయి అడవికి పోతావా? ఇదేమన్నా తిరునాళ్ళా తల్లీ?” అని మందలించారు.

కోశాధికారి జిత్తప్ప అనే నక్క. “మూటలెందుకు ప్రభూ? మండలి ముద్ర వేసిన మోదుగాకు చాలు. అవతల ఏ దుకాణంలోనైనా ఆకు చూపి పంజా అద్దితే సరుకిస్తారు. పూలు తరువాత మన కొట్టులోంచి వెళతాయి,” అన్నాడు.

ఆకు మీద పంజా అద్దిన ప్రతిసారీ, రెండు అడవుల మధ్య లెక్కలు చూసే మొసలి ఈ కోశాధికారి పేర ఒక పీతను కానుకగా జమ కడుతుందన్న సంగతి జిత్తప్ప సభకు విన్నవించలేదు. సభ సమయం అమూల్యమైనది కదా.

అధ్యక్షులూ కోశాధికారీ ప్రతినిధి వర్గమై ఏరు దాటారు. దారి ఖర్చులకు తెచ్చుకున్న పూలు మార్చుకుందామని రేవులో ఆగారు. అక్కడ మొసలి దుకాణానికి ‘మార్పిడికి రుసుము లేదు’ అన్న పలక వేలాడుతోంది.

“చూశావటయ్యా, నాగరికత అంటే ఇదీ,” అన్నారు అధ్యక్షులు.

గంపెడు పూలకు గుప్పెడు కాయలు వచ్చాయి.

“రుసుము లేదన్నావే?”

“లేదండి. ఇది ధర,” అన్నది మొసలి వినయంగా.

దుంపల దుకాణం ముళ్ళయ్య అనే ఏదుపందిది. మోదుగాకును కళ్ళకద్దుకొని, “లెక్క మా కుంకుడుకాయల్లో కట్టమంటారా, తమరి ఇప్పపూలలోనా?” అని అడిగాడు.

గంభీరయ్యగారి చెవులు చేటల్లా విచ్చుకున్నాయి. “మా పువ్వుండగా పరాయి కాయల్లోనా? మా పువ్వుకు పరువు లేదనుకున్నావా?”

“ఎంతమాట. పూలలోనే కడతాను,” అన్నాడు ముళ్ళయ్య. పూలకు ధర తనే నిర్ణయించి, లెక్క మార్చిన శ్రమకు మరికొన్ని చేర్చి, వంగి నమస్కరించాడు. అంత లోతైన నమస్కారం అధ్యక్షులు స్వదేశంలో ఎన్నడూ ఎరుగరు.

“అన్నీ ఒక్కసారే కొంటే మోటుగా ఉంటుంది ప్రభూ. దుంపకొకసారి అద్దుదాం,” అన్నాడు జిత్తప్ప. అద్దిన ప్రతిసారీ మండలి జమలోంచి మొసలి తన వంతు కోసుకుంది. అవసరమైన దుంపలలో సగమైనా కొనకముందే, “ఆకు ఎండిపోయిందండి, తమరి కొట్టులో జమ చెల్లిపోయింది,” అన్నాడు ముళ్ళయ్య.

తిరిగి రేవు చేరాక జిత్తప్ప తన పీతల సంగతి ఎత్తాడు.

“తప్పక ఇస్తాం బాబూ. అయితే అవి ఈ గట్టు పీతలు. ఆ గట్టుకు మార్చాలంటే కాస్త ఖర్చు,” అన్నది మొసలి. ఖర్చులు పోను జిత్తప్పకు దక్కినది ఒక పెంకు. అదీ ఖాళీది.

ఇవతలి గట్టున పూలదండలు, బాజాలు. “వాళ్ళ కాయల్లో కాదు, మన పూలలోనే లెక్క కట్టించి, మన పువ్వు పరువు నిలబెట్టి వచ్చాం,” అని అధ్యక్షులు సెలవిచ్చారు. చప్పట్ల మధ్య దుంపలు పంచారు. సింగారి వంతు వచ్చేసరికి తట్ట ఖాళీ.

“ఆ పరువును అరగదీసి పూస్తే నా బిడ్డ లేచి నిలబడుతుందా అయ్యా?” అని అడిగింది సింగారి.

ఆ వాక్యం సభామర్యాదకు భంగకరమని రికార్డుల నుంచి తొలగించారు.

జబ్బుకు సభామర్యాద తెలియదు. కొద్దిరోజులకే అధ్యక్షుల ముద్దుల మనుమడు, పాలు మరవని గున్న, కుంటుకుంటూ వచ్చి తాత పక్కన కూలబడ్డాడు.

గంభీరయ్యగారు బాజాలు లేకుండా, పరివారం లేకుండా సింగారి పొద దగ్గరకు నడిచి వచ్చారు. ఆమె అప్పుడే కాసిన్ని ఇప్పపూలు ఏరి మూట కడుతోంది.

“ఏరు దాటుతున్నావా తల్లీ? మావాడికీ ఒక దుంప తెచ్చిపెట్టు. ఇవిగో పూలు, నా సొంతవి.”

“అట్లాగేనయ్యా. మరి ముళ్ళయ్య అడిగితే, లెక్క మన పూలలోనే కట్టమననా?”

అధ్యక్షులు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“వద్దమ్మా. కాయల్లోనే కట్టించు. రేవులో మాత్రం మార్చకు. లోపల సంతలో ఇంకాస్త ఎక్కువిస్తారట.”

సింగారి వెళ్ళింది, తెచ్చింది. రెండు పిల్లలూ లేచి నిలబడ్డాయి. మండలి అధ్యక్షుల దూరదృష్టిని అభినందిస్తూ తీర్మానం చేసింది.

ఇందువల్ల తేలిన నీతి: పరాయిగడ్డ మీద స్వదేశాభిమానం చాటదలచినవారు, చేతిలో ఉన్నది ఇతరుల సొమ్మేనని ముందుగా నిర్ధారించుకోవలెను.