మా ఇంటి చుక్క మోరీలో పడదు

ఇంద్రేశంలో కొత్తగా లేచిన కాలనీలో మట్టి రంగు ఇల్లు ఒక్కటే, అది సంగయ్యది. అందరూ గోడలకు నునుపైన పూతలు పూయించుకుంటే, ఆయన తన చేను మట్టిలో కాస్తంత సిమెంటు కలిపి, అచ్చు పోయించిన ఇటుకలతో గోడలు లేపి, పూత లేకుండా వదిలేశాడు. స్నానాల నీళ్ళూ బట్టలుతికిన నీళ్ళూ పెరట్లో కంకర, ఇసుక, బొగ్గు పరిచిన మడిలోకి వెళ్ళి, మెట్టతామర వేళ్ళ మధ్య వడగట్టుకుని తొట్టిలో పడతాయి. వీధి మురుక్కాలువ చూపిస్తూ "మా ఇంటి చుక్క మోరీల పడదు" అని ఆయన అనని రోజు లేదు. చిన్నప్పుడు ఊరి వాగులో దోసిలితో నీళ్ళు తాగిన మనిషి, ఆ వాగే కంపెనీల నీళ్ళు కలిసి రంగులు మారడం కళ్ళారా చూశాడు. ఆ కడుపుమంటే ఈ ఇల్లు.

భార్య శివమ్మ కడుపుమంట వేరు. వచ్చిన చుట్టమల్లా "ఇల్లు ఎప్పుడు పూర్తయితది?" అని అడిగి పోతున్నాడు. అందుకే ఆ ఆదివారం పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తూ తేల్చి చెప్పింది.

"ఇయ్యాల కాలనోళ్ళు నీ మడి చూడనీకి వస్తున్నరు గద. మెచ్చుకుంటె నేను ఇగ నోరు తెరువ. నవ్విండ్రనుకో, రేపే బోరు లారీని పిలుస్త, గోడలకు సిమెంటు పెట్టిస్త."

"నవ్వరు తియ్యి," అన్నాడు సంగయ్య. గొంతు మాత్రం అంత గట్టిగా రాలేదు. వచ్చేవాళ్ళకు బిస్కట్లు తేవడానికి చెప్పులేసుకుని బయల్దేరాడు.

నోటితో బోరు అన్నదే గానీ, నలుగురిలో మొగుడు చిన్నబోతే శివమ్మకు అన్నం సయించదు. టెంట్‌హౌస్ నుంచి వచ్చిన కుర్చీలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఆమె తమ్ముడు నాగయ్య తను పనిచేసే సబ్బుల కంపెనీ నుంచి తెచ్చిచ్చిన చిక్కటి ద్రవం డబ్బా ఉంది. "బకెట్‌కు ఒక్క మూత చాలక్కా" అని అతను చెప్పిపోయాడు. మూత ఏ మూలకని ఆమె చెంబెడు పోసింది. కుర్చీలు కడిగింది, అరుగు కడిగింది, ఊపులో గేటూ కడిగింది. నురుగు మోకాలెత్తు లేచింది. అదంతా మడిలోకి పోతే వచ్చినవాళ్ళకు మెట్టతామర ఆకులు కూడా కనిపించవని భయం పట్టుకుంది. వానాకాలం కోసం పెట్టిన వాల్వు ఒకటుంటే దాన్ని మోరీ వైపు తిప్పేసి, మొగుడి పరువు కాపాడానని తృప్తిపడి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

బిస్కట్ల పొట్లంతో సంగయ్య రోడ్డు మీది కల్వర్టు దాకా వచ్చేసరికి వెంకటేశ్వరరావు చెయ్యి ఊపుతూ కనిపించాడు. ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికని ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. కాలుష్యం మీద ఫిర్యాదంటే సంగయ్య పక్కన రెండో సంతకం ఆయనదే.

"సంగయ్య గారూ, ఇలా రండి. ఇదేమిటో చూడండి."

మోరీ నీళ్ళు కల్వర్టు కింద పల్లానికి దూకే చోట తెల్లటి నురుగు పొంగి, గట్టు దాటి రోడ్డెక్కుతోంది.

"ఆదివారం ఆఫీసర్లు ఉండరని వదిలిండ్రు సారూ," అన్నాడు సంగయ్య పళ్ళు కొరుకుతూ. వంగి ముక్కు పెట్టాడు. "నిమ్మకాయ వాసన వస్తున్నది."

"అదే మరి. ఘాటు తెలియకుండా సెంటు కలిపారు. ఎంత తెలివి మీరారో చూశారా?"

ఈలోగా నురుగులోంచి ఒక బర్రె బయటికి వచ్చింది, దాని వెనక ఆగమ్మ.

"సంగన్నా, నా బర్రె దీంట్ల పొర్లింది. పాలు పిండాల్నా, వద్దా?"

"ఆగు చెల్లే. ముందుగాల శాంపిల్ తియ్యాలె."

పాలకు శాంపిలా అని ఆగమ్మ నోరు వెళ్ళబెట్టింది. అప్పటికే కాలనీ సగం అక్కడ చేరింది. జనం కనబడితే సంగయ్య గొంతు దానంతటదే లేస్తుంది. కల్వర్టు గోడ ఎక్కి నిలబడ్డాడు.

"ఎవడైతెంది, వాని పైపుకు సిమెంటు కొట్టాలె. ఈ మోరీ మొత్తం వాని చేతుల్తోనే కడిగియ్యాలె."

చప్పట్లు మోగాయి. సరిగ్గా అప్పుడే ఒక ట్యాంకరు వచ్చింది. కంపెనీ నీళ్ళు పారబోసే దొంగ దొరికినట్టే అనుకున్నారంతా.

"పీనేకా పానీ హై భయ్యా," తాగే నీళ్ళేనని చేతులు జోడించాడు బిహారీ డ్రైవరు.

"అందరూ అదే అంటారు," అంటూ వెంకటేశ్వరరావు స్వయంగా వెళ్ళి కొళాయి తిప్పాడు. తేటనీళ్ళు వచ్చాయి. "అసలు సరుకు అడుగున ఉంటుంది, ఆగండి." అడుగు దాకా ఆగారు. చివరి చుక్క కూడా తేటగానే ఉంది. ఆ నీళ్ళన్నీ మోరీలో దూకి చిలికేసరికి నురుగు రెట్టింపై, కల్వర్టు గోడే కనబడకుండా పోయింది.

డ్రైవరు నీరసంగా ఫోను తీసి చూశాడు. "వెంకటేశ్వర్ రావ్ కౌన్ హై? ఉన్‌కా ఆర్డర్ థా."

వెంకటేశ్వరరావు సంపు నిన్నటి నుంచి ఎండి ఉంది, ఆ ట్యాంకరు తెప్పించింది ఆయనే. ఆయన కొళాయి మీది చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"పైపు ఏడున్నదో పట్టుకుందాం పాండ్రి," అని సంగయ్య ముందు నడిచాడు. నురుగు వెంట ఎగువకు వెళ్తే అది ఆయన గల్లీలోకే తిరిగింది.

"మా గల్లీలనే పెట్టిండా దొంగ," అని ఆయన అడుగుల వేగం పెంచాడు. తన గేటు దాటి ముందుకు పోయాడు. అక్కడ మోరీ పొడిగా ఉంది. వెనక్కి వచ్చాడు. నురుగు గేటు పక్కనుంచే వస్తోంది. బిస్కట్ల పొట్లం చేతిలో నలిగిపోయింది.

గేటు తెరుచుకుంది. పట్టుచీరలో శివమ్మ మొహం వెలిగిపోతోంది.

"గింతమంది వస్తరనుకోలే. కూసోండ్రి, కుర్చీలు గిప్పుడే కడిగిన."

కుర్చీలన్నీ నిమ్మకాయ వాసనతో మెరుస్తున్నాయి. వెనకెవరో కిసుక్కున నవ్వారు. శివమ్మ మోరీ వైపు చూసింది, మొగుడి మొహం చూసింది, సంగతి అర్థమైంది.

"వాల్వు నేనే తిప్పిన," అంది. "మడి మీద నురుగు కనబడొద్దని. ఆయనకేం ఎరుక లేదు."

తన మడి గెలవాలని తనకంటే ఎక్కువ కోరుకున్నది ఎవరో సంగయ్యకు అప్పుడు తెలిసింది. సిగ్గు ఎటో పోయి, గుండె నిండిపోయింది.

"వాల్వు పెట్టింది నేను. అది ఎప్పుడు తిప్పాల్నో నీకు చెప్పకుండ బజార్ల ఉపన్యాసం కొట్టింది నేను. చీపురియ్యి శివమ్మా, మోరీ కడుగుత."

ఎవరూ నవ్వలేదు. వెంకటేశ్వరరావు ఒకడుగు ముందుకొచ్చాడు.

"అది సరేనండీ. మా ఇంట్లో బాత్రూముకు కూడా చుక్క లేదు. మీ తొట్టిలో నీళ్ళు రెండు బకెట్లు..."

అందరూ పెరట్లోకి వెళ్ళారు. తొట్టి నిండా నిన్నటి నీళ్ళు. అడుగున పడ్డ జామాకు ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. ఆయన చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. ఏ వాసనా లేదు.

"ఇవి స్నానాల నీళ్ళేనా?"

"మీ కంటికి ఎట్ల కనబడుతున్నయి?" అంది శివమ్మ.

ఆగమ్మ బర్రెను కడగడానికి బకెట్ తెచ్చింది. ఆ వెనక మిగతావాళ్ళు. కంకర ఎక్కడ దొరుకుతుంది, బొగ్గు ఎంత పోయాలి అని ప్రశ్నలు మొదలయ్యాయి. జవాబులన్నీ శివమ్మే చెప్పింది. "తాగనీకి కాదు, కడుగనీకి. లైన్ల రాండ్రి," అని మధ్యమధ్య గద్దించింది కూడా.

సాయంత్రం సంగయ్య మోరీలో దిగి చీపురు పట్టాడు. ట్యాంకరు పాపం తనది కనుక వెంకటేశ్వరరావు పంచె ఎగ్గట్టి పక్కనే దిగాడు. శివమ్మ ఇద్దరికీ చాయ్ తెచ్చింది.

"మరి రేపు బోరు లారీ?" అడిగాడు సంగయ్య తల ఎత్తకుండా.

"వస్తె ఏడ నిలవెట్టాలె? వాకిట్ల జాగ లేదు, అన్ని మందివి బకెట్లే."

మోరీకి నిమ్మకాయ వాసన వారం దాకా వదల్లేదు. ఆ వారం కాలనీ నుంచి వాసన మీద ఒక్క ఫిర్యాదూ వెళ్ళలేదు.