నాలుగు పళ్ళూ, ఒక సాఫ్ట్‌వేరూ

విల్లు చెయ్యడానికి మనిషి అక్కర్లేదు! ఈ మాట నేను 2003లోనే అన్నాను. అప్పుడు నవ్వినవాళ్ళు ఇప్పుడేమయ్యారు? ఇప్పుడూ నవ్వుతూనే ఉన్నారు, అది వేరే సంగతి.

విల్లంటే వేటాడే విల్లు అనుకునేరు. తమిళనాడులో మా కోవిల్‌పట్టి వైపు విల్లుతో పాట పాడతారు. మనిషి కంటే పొడుగైన తాటిచేవ విల్లుకు గజ్జెలు కట్టి, కుండ మెడ మీద ఆనించి, తాడును రెండు కర్రలతో కొడుతూ కథ చెబుతారు. కొడై, అంటే అమ్మవారి జాతర, విల్లుపాట లేకుండా జరగదు.

మా లక్ష్మణసామి మామ నలభై ఏళ్ళుగా ఆ విల్లులు చేస్తున్నాడు. ఆయన పద్ధతి చెబితే మీరు నమ్మరు. పాడే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, చెక్క కొసను పళ్ళ మధ్య కరిచి పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. పాట చెక్కలోంచి పంటికి, పంటిలోంచి పుర్రెకు వస్తుందట! కాసేపటికి గోటితో ఒకచోట గీత గీసి, అక్కడ కాస్త చెక్కుతాడు. మళ్ళీ పాడమంటాడు. మళ్ళీ కరుస్తాడు. ఇలా నెల రోజులు!

ఇదేమన్నా శాస్త్రమా? పైగా అప్పటికే ఆయనకు మిగిలినవి నాలుగు పళ్ళు. స్పేర్ పార్టులు దొరకవు, వారంటీ లేదు. నా కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ పోతే సాయంత్రానికి ఇంకోటి వేసి ఇస్తారు.

బస్టాండు పక్కనే నా కంప్యూటర్ సెంటర్. జాతకాలు, పెళ్ళిపత్రికలు, అప్పుడప్పుడూ అగ్గిపెట్టెల మీది లేబుళ్ళు చేస్తుంటాను. ఏదో మ్యాగజైన్‌తో ఊరికే వచ్చిన సీడీలో, విల్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ దొరికింది. సరిగ్గా అదే ఏడు మా ఊళ్ళో విల్లుపాట పాడే ఇసక్కియమ్మాళ్ అక్క పాత విల్లు నిలువునా చీలింది. కొడైకి పది రోజులుంది. కమిటీ ప్రెసిడెంటు వెళ్ళైసామి నా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, లచ్చుమణసామి మామ నెల కావలె అంటాడు. నీకెన్నాళ్ళు?"

"రెండు నిమిసం," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

సాఫ్ట్‌వేర్ నన్ను పద్నాలుగు ప్రశ్నలడిగింది. బాణం బరువెంత? కొట్టే కర్రను కిరాణా కొట్లో తూయించి ఆ బరువు వేశాను. గురి ఎంత దూరం? స్టేజీ నుంచి ఆఖరి వరుసకు అరవై అడుగులు. పాట అక్కడిదాకా చేరాలి కదా! గురి దేనికి? జింక, అడవిపంది, గురిచూసే అట్ట అని మూడే ఉన్నాయి. ప్రెసిడెంటును తలుచుకుని అడవిపంది నొక్కాను.

ప్రింటు తీసి, మర్యాదకు మామకు చూపించాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"బాగుండాది అల్లుడా. పాడేది ఎవురని అది అడిగెనా?"

"అడగలే మామా."

"సరి, పో."

అసూయ! ఇంకేముంటుంది?

విరుదునగర్‌లో మిషన్ మీద కోయించి విల్లు తెచ్చాం. కొడై నాడు సాయంత్రం ఊరంతా కూర్చుంది. అక్క దణ్ణం పెట్టుకుని కథ ఎత్తుకుంది. మొదటి దెబ్బ కొట్టింది.

కర్ర ఆమె చేతిలోంచి లేచి, జనం మీదుగా ఎగిరి, ఆఖరి వరుసలో వేరుశెనగ మిఠాయి తింటూ నిలబడ్డ వెళ్ళైసామి తలపాగాకు తగిలింది! తర్వాత టేపు పెట్టి కొలిచాను. అరవై అడుగులకు రెండంగుళాలు తక్కువ. ఆ రెండంగుళాలూ తలపాగా మందం. చెప్పండి, ఇంత కచ్చితంగా చేసే మనిషిని మీరు చూశారా?

రెండో కర్రతో కొట్టేసరికి కుండ పగిలింది.

మా దగ్గర అమ్మవారి కథ ఎత్తుకుంటే మధ్యలో ఆపకూడదు. ఆపితే ఆ గొంతు మళ్ళీ ఏ ఊళ్ళోనూ స్టేజీ ఎక్కదు. అక్క పగిలిన కుండ ముందు కళ్ళనీళ్ళతో కూర్చుంది. నాకు భూమిలోకి దూరిపోదామనిపించింది.

అప్పుడు జనంలోంచి మామ వచ్చాడు, భుజం మీద విల్లుతో. కమిటీ వద్దన్నా, పది రోజులూ ఆయన రాత్రీపగలూ చెక్కుతూనే ఉన్నాడట. అక్క రోజూ వెళ్ళి పాడి వస్తూనే ఉందట. కొత్త కుండ తెచ్చారు. అక్క విల్లు మీద కొట్టింది. ఆమె గొంతూ ఆ తాడూ ఒక్క తల్లి పిల్లల్లా పలికాయి. నేను ఏడ్చాను. ఇందులో దాచుకోవడానికేముంది?

దీంతో సాఫ్ట్‌వేర్ ఓడిపోయిందనుకుంటున్నారా? అమాయకులు! మరుసటి ఏడు నాలుగు ఊళ్ళ కమిటీలు నా సెంటర్‌కే వచ్చాయి.

"మామ చేసిన విల్లే కావలె. అయినా కంప్యూటర్ కాగితం ఉండవలె. కాగితం లేకపోతే ఎట్ల నమ్మేది?"

అందుకే ఇప్పుడు మామ ముందు విల్లు చేస్తాడు. నేను టేపుతో కొలిచి, తర్వాత డిజైన్ చేసి, రంగు బోర్డరు పెట్టి ప్రింటు తీసిస్తాను. వాళ్ళు కాగితం చూసి తలలూపుతారు. పక్కనే నిలబడ్డ మామ ముఖం చూసినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

ఈ మధ్య సాయంత్రం కాగానే షట్టర్ దించి మామ ఇంటికి పోతున్నాను. అక్క పాడుతుంది. నేను చెక్క కరుస్తాను. కంప్యూటర్ సెంటర్ ఓనర్ని, దయచేసి ఈ సంగతి బయట చెప్పకండి.

"ఏమీ వినపడలే మామా," అన్నాను నిన్న.

"నాకు వినపడేదానికి పదేండ్లు ఆయె. నువ్వు కరిచి ఎన్నాళ్ళు?"

"నెల."

మామ నవ్వాడు. ఆయనకిప్పుడు రెండే పళ్ళు. నాకు ముప్పై రెండూ ఉన్నాయి, పదేళ్ళు కరవగలను. నేను విన్నది సరైనదో కాదో చెప్పడానికైనా మామవి ఆ రెండూ అప్పటిదాకా ఉండాలి.