నల్ల గీతలు తిన్నగా ఉండవలెను

తమ ఆపరేషన్ థియేటరులోకి సూక్ష్మక్రిములకు ప్రవేశం లేదని ఆ ఆసుపత్రి యాజమాన్యం సగర్వంగా ప్రకటించి, ఆ ప్రకటనను తలుపుకి అంటించింది. క్రిములకు చదువు రాకపోవడం యాజమాన్యం తప్పు కాదు.

థియేటరు పక్క గదిలో ఒక పెద్ద ఆవిరి యంత్రం ఉంది. కత్తులు, కత్తెరలు, పట్టకార్లు గుడ్డలో మూటకట్టి, పైన టేపు అంటించి అందులో పెడతారు. వేడి చాలినంత తగిలితే టేపు మీది గీతలు వాటంతటవే నల్లబడతాయి. నల్లబడ్డాయంటే మూటలో క్రిములు చచ్చాయని, కోసిన చోట చీము పట్టదని లెక్క. నాలుగు నెలల క్రితం ఆ యంత్రం వేడెక్కడం మానుకుంది. మరమ్మతు కోరుతూ రాసిన ఉత్తరం పరిశీలనలో ఉంది. ఈలోగా నాణ్యతా సంఘం సమావేశమై సమస్య మూలాన్ని ఇట్టే పట్టేసింది. తనిఖీకి వచ్చేవారు చూసేది టేపుని. టేపు మీద లేనివి నల్ల గీతలు. వెంటనే ఒక డజను మార్కర్లు తెప్పించారు.

గీతలు గీసే బాధ్యత థియేటరు సిస్టరుది. ఆమె చెయ్యి అంత నిలకడైన చెయ్యి ఆసుపత్రిలో లేదు. చీఫ్ సర్జన్‌గారు ఆమెకు ప్రశంసాపత్రం ఇస్తూ, "గీత అంటే ఇలా ఉండాలి. వంకర గీత వంకర పరిపాలనకి గుర్తు" అని ప్రసంగించారు. చీము పట్టిన రోగులు లేరా అంటే, ఉన్నారు. వారి శరీరం సంస్థతో సహకరించలేదని కేసు షీటులో రాశారు. ఒకావిడకి మూడుసార్లు కుట్లు విప్పి మళ్ళీ కుట్టారు. ఆవిడకి వ్యక్తిగత పరిశుభ్రత మీద కరపత్రం కూడా ఇచ్చారు.

సిస్టరు ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేదు. పెళ్ళయి రెండు నెలలు. పొద్దున్నే ఇద్దరూ ఒకే కప్పులో టీ తాగడం, ఆయన హెల్మెట్ పట్టీ తనే బిగించడం, ఇంటి తాళానికి తన పేర చేయించిన రెండో చెవిని ఊరికే తీసి చూసుకోవడం, వీటితోనే రోజు గడిచిపోయేది. కూనిరాగం తీస్తూ గీతలు గీసేది. ఆ సంతోషానికి అవి మరీ తిన్నగా వచ్చేవి.

అలాంటిది, కొత్త బీరువా పక్కకి జరపబోయి ఆయన హెర్నియా తెచ్చుకున్నాడు. మన సిబ్బంది కుటుంబాలే బయటికి పోతే సంస్థ పరువేం కాను అంటూ సర్జన్‌గారు స్వయంగా ఆపరేషన్‌కి తేదీ వేశారు.

ముందురోజు భర్తకి వాడబోయే మూట మీద మార్కరు పెట్టింది సిస్టరు. గీత వంకరపోయింది. ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆ టేపు పీకి కొత్తది అంటించి, మూటని సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది. పెళ్ళికి బహుమతిగా వచ్చిన నాలుగు ప్రెషర్ కుక్కర్లలో పెద్దదాన్ని పొయ్యెక్కించింది.

"నన్ను కోసే కత్తుల్ని మనింట్లోనే ఉడకబెడుతున్నావా?" అన్నాడు భర్త.

"మీరు గడియారం చూడండి. ముప్ఫై నిమిషాలు."

"ఆసుపత్రిలో మిషనుందిగా?"

"ఉంది."

ఆయన గడియారం మీంచి చూపు తిప్పాడు. "మరి మిగతా వాళ్ళకో?"

"గడియారం చూడమన్నానా!"

మూత తీస్తే గీతలు నల్లగా ఉన్నాయి. ఎవరూ గీయకుండానే. అలా నల్లబడతాయన్న సంగతే మర్చిపోయిన సిస్టరుకి కళ్ళనీళ్ళొచ్చాయి. మొగుడూ పెళ్ళాం భుజాలానించుకుని ఆ టేపుని పెళ్ళి ఫోటోలా చూసుకున్నారు.

మర్నాడు భర్త బల్ల మీద ఉన్నాడు. నడుము కింద మొద్దుబారింది గానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి. సర్జన్‌గారు మూటని దీపం కిందికి తీసుకున్నారు.

"ఏంటమ్మా ఇది? ఒక గీత లావు, ఒకటి సన్నం. నలుపులో గోధుమ ఛాయ కొడుతోంది. ఇలాంటి అశుభ్రమైన మూట పేషెంటుకి ఎలా వాడతాం? బీరువాలోంచి మంచిది తీయండి."

బీరువాలో ఆమె చేత్తో గీసిన మూటలు పదహారున్నాయి. ఒక్కటీ వేడి మొహం చూడలేదు.

"ఇదీ నాదే సార్. సరిచేస్తాను" అంటూ సిస్టరు మార్కరు తీసింది. నిజంగా నల్లబడ్డ గీతల మీద, ఒక్కటీ వంకరపోకుండా, ఆసుపత్రి గీతలు గీసింది.

"ఇదీ స్టెరైల్ అంటే" అన్నారు సర్జన్‌గారు.

ఎనిమిదో రోజున కుట్లు విప్పితే చీము చుక్క లేదు. ఇది మార్కరు విధానం సాధించిన విజయమని సంఘం తీర్మానించింది. ఆ సాయంత్రం సర్జన్‌గారు సిస్టరుని గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఆ రోజు మూట విప్పగానే కుక్కరు రబ్బరు వాసన తెలిసిందమ్మా" అన్నారు చాలా మెల్లగా. సిస్టరు ఉద్యోగం పోయిందనుకుంది. "గురువారం మా అత్తగారికి ఆపరేషన్. అది ఎన్ని లీటర్లది?"

ఇప్పుడు నాలుగు కుక్కర్లకీ తీరిక లేదు. సంఘ సభ్యుల తమ్ముళ్ళు, మరదళ్ళు, వియ్యపురాళ్ళు వరసలో ఉన్నారు. భర్త మళ్ళీ "మిగతా వాళ్ళకో" అని అడగలేదు. వాళ్ళిద్దరి టీ కప్పు ఇప్పటికీ ఒక్కటే. మిగతా జనానికి పాత పద్ధతే నడుస్తోంది. మీకు అక్కడ ఎవరూ తెలియరని బెంగపడకండి. మీ మూట మీద గీతలు అందరివాటికన్నా తిన్నగా ఉంటాయి.