కౌజు పిట్టలు, రేకు డబ్బా

"ఈ వీధిలో చీమ చిటుక్కుమన్నా నాకు తెలిసిపోతుంది. నేరం పుట్టకముందే దాని జాతకం రాసే బుర్ర ఇది" అని కళ్ళజోళ్ళ దుకాణం ఆయన పొద్దున్నే భార్యకు ప్రకటించాడు.

ఆ బుర్ర మీదికి తోసుకున్న కళ్ళజోడు కోసమే అప్పటిదాకా ఇల్లంతా వెతికాడు. భార్య చెప్పలేదు. చెబితే, "తెలుసు, నిన్ను పరీక్షించాను" అంటాడు. అలాంటి పరీక్షలు ఆమె పెళ్ళయిన కొత్తలోనే చాలా పాసైంది.

ఈ ఉత్సాహానికి కారణం వరండా గోడకు కొత్తగా వేలాడుతున్న రేకు బోర్డు. 'రహస్య పరిశోధనలు చేయబడును.' తెల్లారగానే ఎక్కడో దొరికిన తీగతో తనే కట్టుకున్నాడు.

అంతలో వెనక వాటాలో ఉండే టైలరమ్మ పరుగున వచ్చింది. చేతిలో కత్తెర, చంకలో గింజల రేకు డబ్బా.

"వదినా, పంజరం తలుపు తీసి ఉంది. నా పిట్టలు లేవు."

ఫారం వాళ్ళు పారేసిన గుడ్లను గుడ్డ పేలికల్లో, బల్బు వెచ్చదనంలో ఉంచి ఆమె పొదిగించిన కౌజు పిట్టలవి. మిషను తొక్కుతుంటే పాదాల చుట్టూ తిరుగుతాయి. ఎదురింటి గండుపిల్లిని చూసినా ఎవరో చుట్టం వచ్చాడనుకునేంత అమాయకులు. టైలరమ్మ భయమంతా ఆ పిల్లి గురించే.

"ఈ డబ్బా మీద కత్తెరతో కొడితే గింజలనుకుని ఎక్కడున్నా వచ్చేస్తాయి" అంటూ ఆమె చెయ్యెత్తింది. ఆయన చటుక్కున డబ్బా లాక్కుని బోర్డు కింది బల్ల మీద పెట్టాడు.

"ముట్టుకోకండి. వేలిముద్రలుంటాయి."

"అవి నావే అన్నయ్యగారూ."

"అనుమానితుల్లో మొదటి పేరూ మీదే."

ఇది అంతర్జాతీయ పక్షుల ముఠా పని అనీ, చప్పుడు చేస్తే మొత్తం సరిహద్దులు దాటేస్తుందనీ ఆయన తేల్చేశాడు. దుకాణంలోంచి భూతద్దం తెచ్చి వాకిలంతా పాకాడు. ఒకచోట తెల్లటి మరక కనబడింది. వాసన చూసి, ఇదేదో మందు అన్నాడు. పిట్ట రెట్ట అని భార్య చెప్పింది. ముఠా వాళ్ళు అలా అనిపించేలా చేస్తారట.

అప్పుడే కౌజు పిట్టలు వాకిలి పక్కనున్న కాలువ గట్టు మీద వరసగా, పెళ్ళివారిలా తాపీగా, ఆయన వెనకనుంచి నడిచి వెళ్ళాయి.

"ఏమండీ, మీ వెనక..."

"తెలుసు. ఎవరో వెంటాడుతున్నారు. తిరిగి చూస్తే జాగ్రత్తపడతారు" అన్నాడాయన, తిరక్కుండా.

భార్య పట్టుకోబోతే కొత్త చెయ్యి చూసి అవి మొక్కల్లోకి దూరాయి. ఎదురింటి ప్రహరీ మీద గండుపిల్లి ఒళ్ళు విరుచుకుని, ఒక్కొక్క కాలే దించుతోంది. టైలరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇక ఆ ఇల్లాలి ఓపిక అయిపోయింది. తిన్నగా వెళ్ళి డబ్బా అందుకుంది. ఆయన పరుగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకున్నాడు.

"సాక్ష్యం తారుమారు చేయడం నేరం."

"వదలండి. పిల్లి దిగుతోంది."

ఆమె లాగింది, ఆయన లాగాడు. ఆమె విసుగొచ్చి వదిలేసింది. డిటెక్టివుగారు డబ్బాతో సహా వెనక్కి వెళ్ళి గోడకు గుద్దుకున్నాడు. పైనున్న బోర్డు ఊడి నేరుగా డబ్బా మీద పడింది. ఆ మోతకు పిల్లి బెదిరి గోడ అవతలికి దూకింది. మొక్కల్లోంచి కౌజు పిట్టలు బిలబిలా పరుగెత్తుకొచ్చాయి. కూలబడ్డ ఆయన ఒళ్ళో, భుజాల మీద ఎక్కి, చొక్కా మీద ఒలికిన గింజలు ఏరుకుతిన్నాయి.

"చప్పుడు చేయకండి" అన్నాడాయన, కదలకుండా. "ముఠా మొత్తం నన్ను చుట్టుముట్టింది."

టైలరమ్మ ఒక్కొక్కదాన్నీ ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడు బోర్డుకు వేలాడుతున్న తీగ మీద ఆమె చూపు పడింది. గుచ్చుకోకుండా దానికి ఎర్ర దారం చుట్టి ఉంది.

"వదినా, ఇది నా పంజరం గడియ తీగ."

భార్య భర్త వైపు చూసింది. ఆయన కళ్ళజోడు మొదటిసారిగా బుర్ర మీద నుంచి కళ్ళ మీదికి దించుకున్నాడు. తీగను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను చెప్పలేదూ" అన్నాడు చివరికి, "దొంగ ఈ ఇంట్లోవాడేనని."

తీగ మళ్ళీ గడియకే వెళ్ళింది. బోర్డు పంజరానికి పైకప్పయింది. గండుపిల్లి రోజూ వచ్చి దాని మీద పడుకుని, లోపలివాళ్ళ మీద నిఘా వేస్తోంది. వీధిలో అంత శ్రద్ధగా పరిశోధన చేసేది ఇప్పుడు అదొక్కటే.