మిషను చెప్పిందే చెరువు

నన్నడిగితే, మనిషి ఒంటి మీద చొక్కా లేకపోయినా నడుస్తుంది. తెప్ప మీద మిషను లేకపోతే నడవదు!

నవ్వకండి. నలభై ఏళ్లు దాటింది నేను చెరువులో చేపలు పట్టబట్టి. ఊరికే అనడం లేదు. ఈ ఏడు ఉగాది వెళ్లిన వారానికి మా చేపల సొసైటీలోని పదకొండు తెప్పలకూ మిషన్లు బిగించారు. సముద్రంలో పెద్ద ఓడలకు పెడతారట వీటిని. ఏ ఓడ ఎక్కడుంది, ఎటు పోతోంది, ఎంత జోరుగా పోతోంది, అన్నీ అదే చెప్తుందట. ఓడకు ఓడ గుద్దుకోకుండా!

ఇంతకాలం ఈ భయం మాకు తట్టనే లేదు చూడండి. మా చెరువు శామీర్‌పేట దాటాక, దేవరయాంజాల్ దిక్కున. పొద్దున్నే మంచులో సూరారం వైపు నుంచి ఏ సరుకు ఓడో వచ్చి నా థర్మాకోల్ తెప్పను గుద్దితే నా గతేం కావాలి? అదృష్టం బాగుండి ఇన్నేళ్లూ ఒక్క ఓడా రాలేదు. బర్రెలు మాత్రం రెండుసార్లు గుద్దాయి. వాటికి ఇంకా మిషన్లు రాలేదు.

బిగించే ముందు ఫారం నింపాలన్నారు. అంతంత చదువు నాకెక్కడిది? మా సొసైటీ కార్యదర్శి వీరేందర్ కూర్చుని నింపాడు. ఓడ పొడవెంత? ఆరడుగులు. నీళ్లలో ఎంత లోతు మునుగుతుంది? ఉత్తగా ఉంటే జానెడు, నేనెక్కితే రెండు జానలు. చేరవలసిన రేవు ఏది? అక్కడ వీరేందర్ కలం ఆగింది. పోయిన ఒడ్డుకే తిరిగొచ్చే ఓడ ఆ ఫారంలో లేదు. చాలాసేపు ఆలోచించి 'ఇల్లు' అని రాశాడు.

ఓడకు పేరు కూడా కావాలన్నారు. నేను బీడీ ముట్టించేలోపు వాడు నా భార్య పేరు రాసేశాడు.

ఇక చూడండి! మర్నాటి నుంచి ఫోన్ ఉన్న ప్రతివాడికీ బుచ్చవ్వ గంటకు కిలోమీటరు జోరుతో పడమటికి పోతున్నట్టు కనబడుతోంది. సాయంత్రం ఇంటికి పోయేసరికి బుచ్చవ్వ గడపలోనే ఉంది.

"నా పేరు తీసేసి నీ పేరు వెట్టుకో. పక్కింటి పద్మమ్మ పొద్దుగాల్నించి మూడుసార్లు అడిగింది, నీళ్లల్ల ఏం జేస్తున్నవని."

ఇంతటి పేరు ప్రతిష్ఠలు మా ఇంట్లో ఎవరికైనా వచ్చాయా ఇదివరకు?

సౌకర్యాల సంగతి చెప్పనా? మిషను కింద బ్యాటరీ డబ్బా ఉంటుంది. దాని బరువుకు తెప్ప ఒక పక్కకు ఒరిగింది. రెండో పక్కన రాయి పెట్టాను. చేపల బుట్ట పెట్టే చోట బ్యాటరీ కూర్చుంది, వల పెట్టే చోట రాయి కూర్చుంది, నేను కూర్చునే చోట వలా బుట్టా కూర్చున్నాయి. నేను నిలబడుతున్నాను. నిలబడితే ఒంటికి మంచిదని డాక్టర్లు కూడా చెప్తున్నారు కదా!

అన్నిటికన్నా పెద్ద మేలు వేరే ఉంది. నేను మాట్లాడేది తక్కువ. ఎక్కడికి పోయావంటే చెప్పను, ఏం పడ్డాయంటే బుట్ట చూపిస్తాను. ఈ నోటితో ఇంట్లోవాళ్లు ఎంత అవస్థ పడ్డారో! ఇప్పుడు ఆ బాధ లేదు. నా బదులు మిషను చెప్తుంది. అడిగినవాడికీ చెప్తుంది, అడగనివాడికీ చెప్తుంది.

చేపల శాఖ ఆఫీసు నుంచి వెంకటేశ్వరరావు సారు వచ్చినప్పుడు ట్యాబ్ తీసి చూపించాడు. చెరువు బొమ్మ. దాని మీద మా తెప్పలు తిరిగిన దారులన్నీ నీలి గీతలు. నేను మధ్యలో ఆగి బీడీ కాల్చిన చోట కూడా చిన్న చుక్క ఉంది. గవర్నమెంటు నన్ను ఇంత శ్రద్ధగా చూస్తుందని నాకు తెలియదు. రేషన్ కార్డులో పేరు తప్పుందని ఎనిమిదేళ్లుగా తిరుగుతుంటే ఒక్కసారీ కనబడలేదు మరి!

ఆ బొమ్మలో ఉత్తరం మూల మాత్రం తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు.

ఉండదు. ఎండకాలం ఆ మూల ఎండిపోతుంది. తొలకరి పడ్డాక మోకాలి లోతు నీళ్లు నిలిచి తుంగ మొలుస్తుంది. కొర్రమట్ట చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడికే పోతాయి. పిల్లలు ఎర్రగా ఉంటాయి. గుప్పెడు కారం నీళ్ల మీద చల్లినట్టు గుంపుగా తిరుగుతుంటాయి. తల్లి కిందనే ఉండి కాస్తుంది. అందుకని తొలకరి నుంచి బతుకమ్మ పండుగ దాకా మావాళ్లెవరూ ఆ మూలకు పోరు. వలతోనే కాదు, ఉత్త తెప్పతో కూడా పోరు. నీడ పడినా తల్లి బెదురుతుంది. ఎవరూ రాసిపెట్టింది కాదు ఇది. మా నాయిన పోలేదు, నేనూ పోలేదు.

ఎంత తెలివితక్కువతనమో గమనించండి! తరతరాలుగా పోకుండా ఉన్నాం గానీ, పోవడం లేదని ఎక్కడా నమోదు చేయించుకోలేదు. ఆ లోటు మిషను తీర్చింది.

ఆ మూలకు ఆనుకుని జనార్ధన్ భూములున్నాయి. ఒకప్పుడు వరి వేసేవాడు, ఇప్పుడు వెంచర్లు వేస్తున్నాడు. భాద్రపదంలో ఒక కాగితం పట్టుకుని సొసైటీ షెడ్డుకు వచ్చాడు. సారు కూడా వచ్చాడు. అయిదు నెలల రికార్డు తీస్తే పదకొండు తెప్పల్లో ఒక్కటీ ఆ మూలకు పోలేదని, కనుక అది చెరువు కాదని, వాన నీళ్లు నిలిచిన తన పట్టా భూమని, హద్దుకు రాతి కడీలు పాతుకోనివ్వాలని ఆ కాగితం సారాంశం. మ్యాపు అందరికీ తెరిచి ఉంటుంది కదా, ఆయనా చూసుకున్నాడు. దాపరికం లేకపోవడమంటే ఇదే!

మావాళ్లు లేచి అరిచారు. జనార్ధన్ గొంతు పెంచలేదు.

"నేనేమన్న అబద్ధం జెప్పుతున్ననా మైసయ్యా? మీ తెప్పలే చెప్తున్నయి, ఆడ చెరువు లేదని."

నేను ఒక్క మాట అన్నాను.

"ఆడ పిల్లలున్నయి పటేలా."

సారు మంచివాడు. ట్యాబ్ అటూ ఇటూ జరిపి చూశాడు. పిల్లల సంగతి రాయడానికి అందులో గడి లేదన్నాడు. పదిహేను రోజులు గడువిచ్చాడు. ఈలోగా ఆ మూలలో తెప్పలు తిరుగుతున్నట్టు మిషను చూపిస్తే చెరువని రాస్తాడు. చూపించకపోతే కడీలు పడతాయి.

ఇంతకన్నా న్యాయం ఎక్కడుంటుంది? ఇదివరకు చెరువు ఎంతవరకని తేల్చాలంటే సర్వేలు, గొలుసులు, కోర్టులు, ముసలివాళ్ల సాక్ష్యాలు! ఇప్పుడు తెప్ప పోయినంత వరకు చెరువు. పోకపోతే ప్లాట్లు. మూడో తరగతి దాటనివాడికి కూడా అర్థమైపోయింది.

అందరూ వెళ్లాక వీరేందర్ నా పక్కన కూర్చున్నాడు.

"మైసన్నా, నువ్వు పెద్దోనివి. నువ్వు ముంగట పోతెనే మిగతోళ్లు పోతరు."

"గీ నెల ఆగితె పెద్దగైతయిరా."

"గీ నెల ఆగితె కడీలు పడ్తయే."

వాడు చెప్పింది నిజమే.

మర్నాడు పొద్దున పోయాను. వల తీసుకుపోలేదు. తుంగలోంచి గెడతో తెప్పను నెట్టుకుంటూ, రాయి కూడా తీసేసి, చప్పుడు కాకుండా పోదామనుకున్నాను. మోకాలి లోతు నీళ్లలో బ్యాటరీ మోసే తెప్ప చప్పుడు కాకుండా ఎలా పోతుంది? అడుగు బురదకు రాసుకుంది. నీళ్లు మురికయ్యాయి. మొదటి ఎర్ర గుంపు నా కాళ్ల ముందే కనబడింది. గెడ పక్కకు తిప్పేలోపు చెదిరిపోయింది. తల్లి ఒక్కసారి తోకతో నీళ్లు కొట్టి లోతుకు పోయింది. ఆగి చూశాను. తిరిగి రాలేదు.

ఫోన్ మోగింది. వీరేందర్.

"కనవడుతున్నవే మైసన్నా. మంచిగ కనవడుతున్నవు. ఇంకో రెండు చక్కర్లు కొట్టు, గీత జర లావుగ రావాలె."

కొట్టాను. ఆ రోజు నుంచి అందరం కొడుతున్నాం. తొమ్మిది రోజులైంది. తెల్లగా ఉన్న మూల నీలి గీతలతో నిండిపోయింది. ఇంత చక్కని రాకపోకలు ఇంకే చెరువులోనూ చూడలేదని సారు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. జనార్ధన్ కడీల లారీని వెనక్కి పంపాడట. చెరువు నిలబడింది! మిషను లేకపోతే నిలబడేదా చెప్పండి?

నిన్న నాలుగు చక్కర్లు కొట్టాను. ఎర్రగా ఎక్కడా ఏమీ కనబడలేదు. నీళ్లు మాత్రం ఉన్నాయి. కావలసింది నీళ్లే కదా!

వచ్చే ఏడు ఆ మూలలో కొర్రమట్ట ఎందుకు లేదని మీలో ఎవరైనా అడిగితే నా దగ్గరకు రావద్దు. నేను మాట్లాడేది తక్కువని చెప్పాను. రికార్డు తీసి చూసుకోండి. ఏ తెప్ప ఏ పొద్దున ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఆ తుంగలోకి దూరిందో తప్పు లేకుండా ఉంటుంది. ముందు దూరింది నాదే.